నుదుటి నొప్పి అంతా సైనసేనా?

ఓపీలో కుర్చీలో కూర్చుంటూనే చాలామంది చెప్పే మొదటి మాట, "నాకు సైనస్ ఉందండీ." అందరికీ ఉంటాయండీ, నాలుగు జతలు అంటాను. నవ్వుతారు గానీ నమ్మరు. సైనస్ అనేది జబ్బు పేరు కాదు. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులవి. వాటిలో వాపు, ఇన్‌ఫెక్షన్ వస్తే సైనసైటిస్. చెవి, ముక్కు, గొంతు డాక్టరుని కాబట్టి నుదుటి నొప్పి వాళ్లంతా నా దగ్గరికే వస్తారు. వాళ్లలో ఎక్కువమందికి ముక్కులో ఏమీ ఉండదు.

అపోహ: నొప్పి నుదుటి మీదే ఉంది, ముక్కు కూడా దిబ్బడేసింది. ఇంకేముంది, సైనసే.

వాస్తవం: చాలాసార్లు అది మైగ్రేన్, మనవాళ్లు ఒంటికణత నొప్పి అనేది. నుదురు, కళ్లు, ముక్కు లోపలి పొర, వీటన్నిటి నొప్పినీ మెదడుకి చేరవేసేది ట్రైజెమినల్ అనే నరమే. మైగ్రేన్‌లో అది రేగితే ముక్కు బిగుసుకుంటుంది, కళ్లలో, ముక్కులో నీళ్లు కారతాయి. మనం జలుబు అనుకుంటాం. తమది సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న దాదాపు 3 వేల మందిని అమెరికాలో పరిశీలించారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పేనని తేలింది. ఒంటికణత నొప్పి అన్న పేరు చూసి ఒక పక్కనే రావాలనుకోకండి. రెండు పక్కలా వస్తుంది, పిల్లల్లోనైతే తరచూ నుదురంతా పట్టేస్తుంది.

మరి తేడా ఎలా తెలుస్తుంది? కడుపులో తిప్పడం, వెలుతురు గిట్టకపోవడం, మెట్లెక్కితే నొప్పి పెరగడం మైగ్రేన్ లక్షణాలు. సైనసైటిస్ అయితే చిక్కటి చీమిడి వస్తుంది, వాసన సరిగా తెలియదు, జ్వరం రావచ్చు. నుదుటి సైనస్ నొప్పికి ఇంకో గుర్తుంది: పొద్దున మొదలై మధ్యాహ్నానికి ముదిరి, సాయంత్రానికి దిగుతుంది. పొద్దుతోపాటు ఎక్కి దిగే తలనొప్పికి ఆయుర్వేదం సూర్యావర్తం అని ఎప్పుడో పేరు పెట్టింది.

ఒక టీచరమ్మ సైనస్ అనుకుని నాలుగు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడి వచ్చారు. నొప్పి వచ్చిన రోజున గోడ క్యాలెండర్ మీద చుక్క పెట్టమన్నాను. రెండు నెలల తర్వాత ఆ కాగితాలు మడతపెట్టి తెచ్చారు. సగానికి పైగా చుక్కలు శనివారాల మీదే. శనివారం ఆవిడకి ఒక్కపొద్దు, రాత్రిదాకా కాఫీ కూడా ముట్టరు. ఖాళీ కడుపు మైగ్రేన్‌ని లేపుతుంది, అలవాటైన కాఫీ పడకపోవడం దానికి తోడు. ఒక్కపొద్దు మానమనలేదు. పొద్దున్నే కాఫీ, మధ్యలో పాలు, పళ్లు తీసుకోమన్నాను. కాసేపు ఆలోచించి, "పళ్లకి దోషం లేదు లెండి" అన్నారు.

అపోహ: స్కాన్‌లో సైనస్ అని వచ్చింది.

వాస్తవం: రిపోర్టులో సాధారణంగా రాసేది పొర కాస్త మందంగా ఉందని. ఏ తలనొప్పీ లేని మా కాంపౌండరుకి తీసినా అలా రావచ్చు. కాగితానికి వైద్యం చేయకూడదు.

తలకి తువ్వాలు బిగించి కట్టినట్టుండే టెన్షన్ తలనొప్పి గురించి ఎక్కువ చెప్పను. మెడ వంచి ఫోన్ చూడటం, నిద్ర చాలకపోవడం సరిచేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. బీపీ మరీ 180/120 దాకా పోతే తప్ప సాధారణంగా తలనొప్పి తేదు. తల నొప్పెట్టడం లేదు కదా అని బీపీ మాత్ర మానేసేవాళ్లను చూస్తేనే నాకు భయం.

అపోహ: షాపులో ఇచ్చే మాత్రే కదా, రోజూ వేసుకున్నా ఏం కాదు.

వాస్తవం: పారాసిటమాల్ లాంటి మామూలు మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెస్తాయి. మానేస్తే మొదట్లో కొన్నాళ్లు నొప్పి ఎక్కువవుతుంది, అందుకే డాక్టరు చూపులో మానాలి. అరుదుగా వచ్చే మైగ్రేన్‌కి మాత్రం, ఓర్చుకుని ఓర్చుకుని వేసుకునే కంటే నొప్పి మొదలవగానే వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది.

ఇక బామ్. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచీ తెలుగు నుదుళ్లకి ఆ వాసన అలవాటే. చల్లగా తగిలి హాయిగా ఉంటుంది, రాసుకోండి. రెండేళ్లలోపు పిల్లలకి మాత్రం కర్పూరం ఉన్న బామ్ వద్దు. శొంఠి పట్టు మంటకి అసలు నొప్పి కాసేపు మరుగున పడుతుంది. రాత్రంతా ఉంచుకుని నుదురు కమిలి వచ్చినవాళ్లున్నారు.

క్యాలెండర్ మీద చుక్కలు పెడుతూ కూర్చోకూడని నొప్పులూ ఉన్నాయి. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చేది, జ్వరంతో మెడ బిగుసుకుపోయేది, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడంతో వచ్చేది, యాభై దాటాక కొత్తగా మొదలైంది. జలుబుతో నుదురు గానీ కనురెప్ప గానీ ఉబ్బితే ఆ రోజే చూపించండి. కనుబొమ పైన తీవ్రమైన నొప్పి, వాంతులు, ఎర్రబడిన కన్ను, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తుంటే నా దగ్గరికి రావద్దు. అది కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా కావచ్చు, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి.