పదమూడో రాశి భయమూ గ్రీకు కథలూ: అపోహలు - వాస్తవాలు

ఆకాశ దర్శన కార్యక్రమాల్లో నక్షత్ర మండలాలను చూపించి, వాటి కథలు చెప్పడం నా పని. గత ఏడాది అలాంటి ఒక రాత్రి ముగిసి టెలిస్కోపు సర్దుకుంటుండగా, అందరూ వెళ్ళేదాకా ఆగిన ఒక తల్లి దగ్గరకు వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించారు. నవంబరు 30కీ డిసెంబరు 17కీ మధ్య పుట్టినవాళ్ళది ఇకపై ధనుస్సు రాశి కాదనీ, ఓఫియూకస్ అనే పదమూడో రాశి అనీ, గ్రీకు పురాణంలో ఆ పేరుగల వీరుడు పిడుగు పడి చనిపోయాడు కాబట్టి ఆ రాశివాళ్ళకు అల్పాయుష్షు తప్పదనీ అందులో ఒకాయన ధీమాగా చెబుతున్నాడు. ఆవిడ కూతురు డిసెంబరు 5న పుట్టింది, పెళ్ళి సంబంధం ఖాయమయ్యే దశలో ఉంది. "సార్, మా అమ్మాయి రాశి నిజంగా మారిపోయిందా? ఈ సంగతి అబ్బాయి వాళ్ళకు చెప్పాలా?" అని అడుగుతున్నప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఇదే ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. భయపడి అడిగేవాళ్ళ మీద నాకు ఏనాడూ విసుగు కలగలేదు. ఆ భయాన్ని తయారుచేసి పంచేవాళ్ళ మీద మాత్రం సహనం నశించింది.

ఈ అపోహకు మూలం ఒక్కటే: నక్షత్ర మండలం, రాశి, కథ అనే మూడు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేయడం. నక్షత్ర మండలం అంటే ఆకాశంలో ఒక ప్రాంతం. ఇప్పుడు మనం వాడుతున్న 88 మండలాల జాబితాను అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1922లో ఖరారు చేయగా, బెల్జియం శాస్త్రవేత్త యూజీన్ డెల్పోర్ట్ గీసిన సరిహద్దులు 1930లో అచ్చయ్యాయి. ఆ సరిహద్దుల ప్రకారం సూర్యుడు వృశ్చిక మండలంలో వారం రోజులే ఉండి, ఆ తరువాత దాదాపు 18 రోజులు ఓఫియూకస్‌లో, అంటే సర్పధారిలో, గడుపుతాడు. రాశి అలాంటిది కాదు. క్రాంతివృత్తాన్ని, అంటే ఏడాది పొడవునా ఆకాశంలో సూర్యుడు నడిచినట్టు కనిపించే దారిని, 12 సమభాగాలు చేసి, ఒక్కో భాగానికి 30 డిగ్రీలు కేటాయించిన లెక్క అది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో బాబిలోనియా పండితులు దీన్ని ఏర్పరచారు. పన్నెండు సమభాగాల లెక్కలో పదమూడోదానికి చోటే లేదు. పైగా సర్పధారి కొత్తగా కనిపెట్టిన మండలమేమీ కాదు, క్రీస్తుశకం 2వ శతాబ్దంలో ఖగోళవేత్త టాలమీ ఇచ్చిన 48 మండలాల పట్టికలోనే అది ఉంది. 2016లో ఈ పుకారు ప్రపంచమంతా పాకినప్పుడు, తాము ఏ రాశినీ మార్చలేదని నాసా స్పష్టంగా చెప్పింది. అన్నిటికంటే ముఖ్యంగా, మన ఇళ్ళలో పెళ్ళికి చూసే జన్మరాశి పుట్టిన సమయానికి చంద్రుడున్న చోటును బట్టి వచ్చేదే తప్ప సూర్యుడిని బట్టి వచ్చేది కాదు. జాతకాలను నమ్మాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. నమ్మినా సరే, ఆ వీడియోలోని తేదీలకూ ఆవిడ కూతురి జన్మరాశికీ సంబంధం లేదని నేను చెప్పాను.

ఇక పిడుగు కథ సంగతి. సర్పధారిని గ్రీకులు అస్క్లేపియస్‌గా భావించారు. అపోలో కొడుకైన ఆ వైద్యుడు చనిపోయినవాళ్ళను సైతం బతికించసాగితే, లోకమర్యాద చెడిపోతుందని దేవతల రాజు జ్యూస్ పిడుగుతో కొట్టి, ఆ తరువాత గౌరవంగా ఆకాశంలో నిలిపాడట. ఆ కథలో ఉన్నది ప్రాణాలు నిలబెట్టిన వైద్యుడు. దాన్ని అల్పాయుష్షు కథగా మార్చడం ఆ వీడియో చేసినాయన సొంత కల్పన.

ఈ కథలే మండలాలను పుట్టించాయని చాలామంది అనుకుంటారు. జరిగింది ఎక్కువగా దీనికి తలకిందులు. సింహం, వృషభం, తేలు, సగం మేక సగం చేప అయిన మకరం, ఇవన్నీ గ్రీకుల చేతికి రాకముందే బాబిలోనియా మట్టిపలకల మీద ఉన్నాయి. ఆ మేకచేప అక్కడ ఈయా అనే జలదేవతకు గుర్తు. అది గ్రీకుల దగ్గరకు చేరాక, ఇంత వింత రూపం ఎందుకొచ్చిందో చెప్పడానికి, టైఫాన్ అనే రాక్షసుడికి భయపడి పాన్ దేవుడు నీటిలోకి దూకగా నడుము కింది భాగం చేపగా మారిందన్న కథ అల్లుకుంది. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఇప్పుడు హెర్క్యులెస్ అని పిలిచే మండలం గురించి, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో తారల మీద పద్యకావ్యం రాసిన అరాటస్, అతను ఎవరో, ఏ పని మీద శ్రమపడుతున్నాడో ఎవరూ చెప్పలేరనీ, మోకాళ్ళ మీద ఉన్నవాడు అని మాత్రమే అందరూ పిలుస్తారనీ రాశాడు. బొమ్మ ఉంది, పేరులేదు, కథ లేదు. తరువాతివాళ్ళు అతన్ని హెరాక్లీస్ అన్నారు, థీసియస్ అన్నారు, ప్రొమీథియస్ అని కూడా అన్నారు. ఒక మండలానికి ఒక్కటే అసలైన కథ ఉంటుందని పట్టుబట్టే ఉపాధ్యాయులకు నేను ముందుగా ఈ మోకాళ్ళ మనిషినే చూపిస్తాను.

పేర్లూ కథలూ విడివిడిగా ప్రయాణం చేస్తాయని చెప్పే రుజువు మన దగ్గరే ఉంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు క్రియ, తావురి, జితుమ, లేయ, పాథోన, జూక, కౌర్పి వంటి పేర్లు ఇచ్చాడు. అవి క్రియోస్, తావ్రోస్, దిదుమోయ్, లెయోన్, పార్థెనోస్, జుగోన్, స్కోర్పియోస్ అన్న గ్రీకు మాటలకు సంస్కృత రూపాలు. మాటలు వచ్చాయి, లెక్క వచ్చింది, కథలు మాత్రం వెంట రాలేదు. వృషభ రాశి పేరు చెప్పగానే యూరోపాను వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటిన ఎద్దు మన పెద్దలెవరికీ గుర్తుకు రాదు. మన కృత్తికలకు మన కథ ఉంది, వాళ్ళు కుమారస్వామిని పెంచిన తల్లులు. గ్రీకులకు అవే తారలు అట్లాస్ కూతుళ్ళు, ఓరియన్ అనే వేటగాడు వాళ్ళ వెంటపడ్డాడు. కథను బట్టి మనుషుల స్వభావం తేలేదైతే, ఈ రెండిట్లో ఏ కథను తీసుకోవాలి?

కథ, మండలం కలిసి పుట్టిన అరుదైన సందర్భం బెరెనీసీ జడ. క్రీస్తుపూర్వం 245 ప్రాంతంలో ఈజిప్టు రాణి బెరెనీసీ, భర్త యుద్ధం నుంచి క్షేమంగా రావాలని మొక్కుకుని, జుట్టు కత్తిరించి గుడికి సమర్పించింది. అది కనిపించకుండా పోతే, ఆస్థాన ఖగోళవేత్త కోనోన్ ఆకాశంలో సింహం దగ్గరున్న చిన్న తారల గుంపును చూపించి అదే ఆ జడ అన్నాడు. మొక్కుకు తలనీలాలు ఇవ్వడం ఎరిగిన మనవాళ్ళకు ఈ కథ చెబితే వెంటనే అర్థమవుతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. మొత్తం 88 మండలాలకూ గ్రీకు కథలు లేవు: దక్షిణాకాశంలో పద్నాలుగింటిని 1750లలో దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రం నుంచి పరిశీలించిన ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ ఏర్పరచి టెలిస్కోపు, మైక్రోస్కోపు, గడియారం వంటి పరికరాల పేర్లే ఎక్కువగా పెట్టాడు కనుక, వాటికి ఎవరైనా పురాణం చెబితే అది కల్పించినదే. తారల పేర్లన్నీ గ్రీకువి కావు. బెటల్‌జ్యూస్, రైజెల్, ఆల్డెబరాన్ అరబ్బీ మూలాలవి. ఒకే బొమ్మలో కనిపించే తారలు నిజంగా పక్కపక్కన ఉండాలని లేదు.

ఒక్క అపోహ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే అది పిల్లలకు తమ కళ్ళ మీద తమకున్న నమ్మకాన్ని పోగొడుతుంది. కాలిస్టో అనే వనకన్యను ఎలుగుబంటిగా మార్చి ఆకాశంలో ఉంచితే, జ్యూస్ భార్య హేరా అసూయతో ఆమెను సముద్రస్నానానికి నోచుకోకుండా చేసిందనీ, అందుకే పెద్ద ఎలుగుబంటి, అంటే మన సప్తర్షి మండలం, ఎన్నడూ అస్తమించదనీ కథ. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కూడా ఈ ఎలుగుబంటికి ఒక్కదానికే సముద్రంలో మునక లేదన్నాడు. గ్రీసు దేశంలో, ఆ కాలానికి, అది కళ్ళారా చూసి చెప్పిన మాట. అయితే దాదాపు 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్న మనకు ఆ ఏడు తారలూ పూర్తిగా అస్తమిస్తాయి.

శ్రీకాకుళం జిల్లాలో ఒక నవంబరు శిబిరంలో ఎనిమిదో తరగతి కుర్రవాడు రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఉత్తరాన ఎంత వెదికినా సప్తర్షులు కనిపించక, పుస్తకంలో అస్తమించవని ఉంది కాబట్టి తన చూపులోనే లోపం ఉందనుకుని ఏడుపు ముఖం పెట్టాడు. ఇప్పుడవి నేల కిందే ఉన్నాయనీ, నిద్ర ఆపుకోగలిగితే స్నానం ముగించుకుని వస్తున్న ఎలుగుబంటిని చూపిస్తాననీ చెప్పాను. అర్ధరాత్రి దాటాక ఈశాన్యంలో, తాటిచెట్ల మీదుగా, ధ్రువుడికి దారి చూపే రెండు తారలు ముందు పైకి వచ్చాయి. తోక చివరి తార కోసం మూడు గంటలు దాటేదాకా ఆ కుర్రవాడు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.