దవడలో ప్లేటు ఉన్న ఇంటి పిల్లకాయలకు

నెల్లూరు

పిల్లకాయలకు ఆశీస్సులు.

దవడ ఆపరేషన్ చేయించుకుని తాతో నాయనో ఇంటికొచ్చాక, పొద్దునా సాయంత్రం ఆయన నోట్లోకి టార్చి వేసి చూడగలిగేది మీరే. పెద్దవాళ్ళు పొలానికో రొయ్యల గుంటల దగ్గరికో పోవాలి. రోగి చూస్తే, ఇంట్లో వాళ్ళను ఇంకా ఖర్చుల పాలు చేయడం ఎందుకని బాధను దాచుకుంటాడు. అందుకే ఈ ఉత్తరం మీ పేరున రాస్తున్నాను.

లోపల ఏముందో ముందు తెలుసుకోండి. ఖైనీ, గుట్కా, చుట్టల వల్ల వచ్చిన నోటి క్యాన్సర్ కింది దవడలోకి పాకితే, ఆ మేరకు ఎముక కోసి తీసేస్తారు. యాక్సిడెంట్ల తర్వాత, దవడలో పెరిగే కొన్ని గడ్డలకు కూడా ఇదే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఆ ఖాళీలో పెట్టడానికి చాలాసార్లు మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నదాన్ని, అంటే ఫిబ్యులాను, రక్తనాళాలతో సహా తీసుకుంటారు. పైన మోకాలి వైపు, కింద చీలమండ వైపు ఆరేడు సెంటీమీటర్లు వదిలేస్తారు కాబట్టి నడక నిలబడుతుంది. ఈ పద్ధతిని దవడకు వాడి 1989లో లోకానికి తెలియజేసినవాడు హిడాల్గో అనే అమెరికా సర్జన్. తెచ్చిన ఎముకను ముక్కలు చేసి, దవడ వంపులో పేర్చి, టైటానియం ప్లేటుకు స్క్రూలతో బిగిస్తారు. ఆసుపత్రి కాగితాల్లో 2.4 ప్లేటు, 2.0 ప్లేటు అని కనిపిస్తుంది. ఆ అంకె స్క్రూ మందం, మిల్లీమీటర్లలో.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. ఎముక అతికేదాకా దాన్ని కదలనీయకుండా ఉంచడమే ప్లేటు పని. అతకడానికి సుమారు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కరెంటు, అంటే రేడియేషన్ చికిత్స, పెట్టించుకున్నవాళ్ళకు ఇంకా ఆలస్యం కావచ్చు. అతికాక ప్లేటు తీసేసినా దవడ నిలుస్తుంది. అతకకముందు తీస్తే దవడ పక్కకు ఒరిగి, పళ్ళ కాటు తప్పిపోతుంది. ప్లేటుతో ఏ తంటా వచ్చినా డాక్టరు దవడంతా ఒకే బొమ్మలో చూపే ఓపీజీ ఎక్స్‌రేనో సీటీ స్కానో తీయించి మొదట చూసేది ఎముక అతికిందా లేదా అనే.

ఎక్కువగా వచ్చే తంటా ప్లేటు బయటపడటం. చిగుళ్ళ పక్కనో గడ్డం కిందో చర్మం పలచబడి, విడిపోయి, బూడిద రంగు లోహం కనిపిస్తుంది. కరెంటు వల్ల కండ ఎండి బిగుసుకుపోవడం, పొగాకు మానకపోవడం, షుగర్ అదుపులో లేకపోవడం, ప్లేటు మీద కప్పిన కండ మొదటినుంచీ పలచగా ఉండటం దీనికి కారణాలు. లోహం కనిపించగానే ఆ రోజే ఆపరేషన్ అని హడలిపోకండి. చీము, వాపు, కదలిక లేకుండా కొంచెమే కనబడుతుంటే, ఎముక అతికేదాకా శుభ్రంగా కడుగుతూ కాపాడుకొస్తారు. పెద్దగా తెరుచుకుంటే మరోచోటి కండ తెచ్చి కప్పుతారు. ఎముక అతికి ఉంటే ప్లేటే తీసేస్తారు. ఎటైనా నిర్ణయం డాక్టరుది. కనిపించిన వారంలోపు చూపించడం మీ వంతు.

రెండోది చీము. గడ్డం కింద చిన్న సెగగడ్డలా లేచి, కారి, మానినట్టే మాని, పదిరోజులకు మళ్ళీ అక్కడే కారుతుంది. ఇట్లా తిరగబెట్టిందంటే అడుగున వదులైన స్క్రూనో, చచ్చిన ఎముక ముక్కో ఉందని అనుమానించాలి. లోహానికి అంటుకున్న సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగట పొర కట్టుకుంటాయి, మాత్రలోని మందు ఆ పొరలోకి సరిగా దిగదు. అందుకే మందుల షాపులో చీటీ లేకుండా కొన్న యాంటీబయాటిక్ అయిదు రోజులు పనిచేసినట్టుండి ఆరో రోజు మొహం చాటేస్తుంది. పైగా చీము పరీక్షకు పంపినప్పుడు అసలు క్రిమి దొరకకుండా చేస్తుంది. పరీక్షకు చీము తీసుకున్నాకే మందు మొదలుపెట్టడం మంచి పద్ధతి. జ్వరంతో మనిషి బాగా నలతగా ఉంటే మాత్రం డాక్టర్లు ఆగరు. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో చీము పడితే అసలు ఆలస్యం చేయొద్దు. కరెంటు అవసరమైనవాళ్ళకు దాన్ని ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలని చూస్తారు, ఈ చీము ఆ గడువును తినేస్తుంది.

స్క్రూ ఎందుకు వదులవుతుందంటారా? ఎముకకు రంధ్రం చేసేటప్పుడు వేడి 47 డిగ్రీలు దాటి ఒక నిమిషం నిలిచినా ఆ చుట్టూ ఎముక చచ్చిపోతుంది. డ్రిల్లు మీద సెలైన్ పోస్తూనే ఉండటం అందుకే. ఇన్‌ఫెక్షన్ వల్లా, కరెంటు తగిలిన ఎముక వల్లా కూడా పట్టు తప్పుతుంది. చర్మం కింద చిన్న గింజలా చేతికి తగలడం, నమిలితే కటుక్కుమనడం దాని గుర్తులు.

ప్లేటు విరగడం అరుదేగానీ, జరిగితే తెలిసిపోతుంది: టక్‌మని శబ్దం, కొత్త నొప్పి, నిన్నటిదాకా కలిసిన పళ్ళు ఈరోజు కలవకపోవడం. కట్టుడు తీగను అటూ ఇటూ వంచితే చివరికి తెగినట్టే, ఎముక అతకనిచోట నమిలిన ప్రతిసారీ ప్లేటు కొద్దిగా వంగుతూ అలసిపోతుంది. కాలి ఎముక పెట్టకుండా ప్లేటుతోనే ఖాళీ దాటించినవాళ్ళకు, అవతలి వైపు గట్టి పళ్ళున్నవాళ్ళకు ఈ బెడద ఎక్కువ. డాక్టరు నమలొద్దన్నన్నాళ్ళూ జంతికలు, చెరుకు ముక్కలు, వేపపుల్ల ఇంట్లో ఆయన కంటపడనీయకండి.

తిండి దగ్గర మనవైపు ఒక పొరపాటు పాతుకుపోయింది. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పథ్యం పెడతారు. అది తప్పు. పుండు మానాలన్నా ఎముక అతకాలన్నా మాంసకృత్తులు కావాలి. డాక్టరు నోటితో తినొచ్చన్నాక గుజ్జుగా ఉడికిన పెసరపప్పు అన్నం, గుడ్డు కలిపిన జావ, పాలు, పెరుగు పెట్టండి. చేపల పులుసు పెట్టాలనుంటే ముల్లు ఒక్కటి లేకుండా చేత్తో నలిపి, కారం తగ్గించి పెట్టండి. కింది పెదవి మొద్దుబారి ఉంటుంది కాబట్టి వేడి ఆయనకు తెలియదు. ముందు మీ మణికట్టు మీద చుక్క వేసి చూడండి.

తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి: గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు చాలు. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం పుక్కిలించే మందు రాసి ఉంటే 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. పేస్టుతో తోమిన అరగంట తర్వాతే వాడాలి, లేకపోతే పేస్టు దాని బలం తగ్గిస్తుంది. నెలల తరబడి వాడితే పళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, అందుకని ఎప్పుడు ఆపాలో అడిగి ఉంచుకోండి. బయటపడ్డ లోహం మీద పసుపు, సున్నం, కాఫీపొడి వేయొద్దు. వదులైన స్క్రూను వేలితో తిప్పొద్దు. రెండు మూడు వారాలు దాటినా మానని పుండును ప్లేటు వల్లే అనుకుని వదిలేయొద్దు, క్యాన్సర్ తిరగబెట్టిందేమో ముక్క తీసి చూడాల్సి రావచ్చు.

కొందరికి పై దవడనూ కింది దవడనూ తీగలతో కట్టి పంపిస్తారు. అట్లాంటి ఇంట్లో తీగ కత్తిరించే కట్టరు మంచం పక్కనే ఉండాలి. ఏ తీగలు కత్తిరించాలో ఆసుపత్రిలో ఉండగానే చూపించమనండి. వాంతి వస్తే కూర్చోబెట్టి ముందుకు వంచండి, పళ్ళ సందుల్లోంచి వచ్చేస్తుంది. ఊపిరి ఆడకపోతేనే కత్తిరించాలి. ఊపిరి కష్టమైనా, నాలుక కింద వాపు పెరుగుతున్నా, మెడ నుంచి ఎర్రని రక్తం వస్తున్నా 108కి ఫోన్ చేయండి. రక్తం వచ్చేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి వాళ్ళు వచ్చేదాకా వదలకుండా నొక్కి పట్టండి.

ఇక కాగితాలు. డిశ్చార్జి సమ్మరీతో పాటు ప్లేటు, స్క్రూల పెట్టె మీది స్టిక్కరు అడిగి తీసుకోండి, ఫోన్లో ఫోటో కూడా తీసి ఉంచండి. ఒక కంపెనీ స్క్రూ తలకు మరో కంపెనీ స్క్రూడ్రైవరు పట్టకపోవచ్చు. చెన్నైలో చేయించుకుని ఒంగోలులో చూపించుకోవాల్సి వస్తే ఆ స్టిక్కరే దారి చూపిస్తుంది. ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా అదే చూపించండి. టైటానియాన్ని అయస్కాంతం లాగదు, దాని చుట్టూ బొమ్మ మాత్రం మసకబారుతుంది. వారానికోసారి ఒకే వెలుగులో నోటి ఫోటో తీసి తేదీ వేయండి. నోరు తెరిస్తే మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయో లేదో ఆయన్ని తన వేళ్ళతోనే చూసుకోమని చెప్పి, ఆ సంగతీ పక్కన రాయండి. డాక్టరు దగ్గరికి ఆ ఫోన్, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మాత్రల అట్టలు, ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

మీ పెద్దమ్మ