మిస్టరీ నవలలు: “మొదటి పుస్తకం ఇవ్వండి” అనేవాళ్ల కోసం

“షెర్లాక్ హోమ్స్ మొదలుపెడదామనుకుంటున్నానండీ, మొదటి పుస్తకం ఇవ్వండి.” మా పుస్తకాల షాపులో ఈ మాట వినపడని వారం లేదు. వరుసగా చదవకపోతే ఏమీ అర్థం కాదని ఎవరో వీడియోలో చెప్పారట. ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి!

అపోహ: సిరీస్ అంటే ఒకటో నంబరు నుంచే చదవాలి.

వాస్తవం: కొత్తవాళ్లు మిస్టరీలకి దూరమయ్యేదే దీనివల్ల. హోమ్స్ మొదటి నవల ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ 1887లో వచ్చింది. సగం దాకా జోరుగా నడుస్తుంది, హంతకుడు దొరికిపోతాడు కూడా. పేజీ తిప్పగానే కథ అమెరికా ఎడారిలో తేలుతుంది. ఐదు అధ్యాయాల పాటు హోమ్స్ జాడే ఉండదు. “బైండింగ్‌లో వేరే పుస్తకం కలిసిపోయినట్టుంది, మార్చివ్వండి” అని వెనక్కి తెచ్చిన కుర్రాడున్నాడు. పాపం, అతనేం చేస్తాడు? “డిటెక్టివ్ పుస్తకాలు మనకి పడవులే” అని అక్కడే వదిలేసినవాళ్లు ఎందరో.

హోమ్స్‌వి 4 నవలలు, 56 కథలు. ముందు కథల్లోకి దిగండి. 1892 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ సంపుటిలో 12 ఉన్నాయి. అందులో ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’ రాత్రి భోజనమయ్యాక పట్టుకుంటే పడుకునేలోపు అయిపోతుంది. నచ్చితే అప్పుడు నవలలు, వాటిలోనూ ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ ముందు.

అగాథా క్రిస్టీ అయినా అంతే. ఆవిడ సృష్టించిన డిటెక్టివ్ పొయిరో నవలలు 33. సెట్టు మొత్తం అంటగడితే లాభం నాకే, అయినా వద్దనే చెబుతాను. ఏ కేసుకా కేసు. జాగ్రత్త పడాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. 1936 నాటి ‘కార్డ్స్ ఆన్ ది టేబుల్’లో పొయిరో ఒక కత్తి గురించి మాట్లాడుతూ, 1934లో వచ్చిన ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ గుట్టంతా ఒక్క ముక్కలో బయటపెట్టేస్తాడు. ‘డంబ్ విట్నెస్’లో అయితే పాత కేసుల హంతకుల పేర్లు హాజరు పట్టీ చదివినట్టు చదివేస్తాడు. 1975లో వచ్చిన ‘కర్టెన్’ అతని ఆఖరి కేసు, దాన్ని చివరికి అట్టేపెట్టుకోండి.

అపోహ: హంతకుణ్ని మనమే ముందు కనిపెట్టాలి.

“ఒక్కసారీ దొరకలేదండీ, నాకు బుర్ర తక్కువేమో” అని ఒకావిడ నిజంగానే దిగులుపడ్డారు. అయ్యో, మోసపోవడానికే కదమ్మా డబ్బులిచ్చి కొన్నారు! మిమ్మల్ని పక్కదారి పట్టించడానికే ఆ రచయిత అంత కష్టపడింది.

అపోహ: ముగింపు తెలిసిపోతే ఇక పుస్తకం దండగ.

మా మేనత్తకి అద్దె పుస్తకాల అలవాటు. వాటిలో ఆఖరి పేజీలు చిరిగిపోయేవి. అందుకని ఉన్నాయో లేదో ముందే తిరగేసి, పనిలో పనిగా చదివేసేది. మేం మండిపడితే, “చంపినవాడెవడో తెలిశాక వాడు ఎంత అమాయకంగా మాట్లాడుతున్నాడో చూడాలిరా, అందులో ఉంది మజా” అనేది. జపాన్ రచయిత కీగో హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో హత్య మొదట్లోనే మన కళ్లెదుటే జరుగుతుంది. అయినా పుస్తకం కింద పెట్టలేం.

నెత్తురు చూడలేమని భయపడేవాళ్లకి: హోమ్స్ ‘రెడ్ హెడెడ్ లీగ్’లో అసలు హత్యే లేదు. ఇంగ్లీషు కష్టమనుకునేవాళ్లకి కొమ్మూరి సాంబశివరావు ఉన్నారు. డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఏ పుస్తకం నుంచి పలకరించినా పలుకుతారు. మధుబాబు షాడో మాత్రం వేరే దారి, అది స్పై యాక్షన్. ఇది అడిగి అది పట్టుకెళ్లి నిరాశపడకండి.

ఇంకోటి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత క్రిస్టీలు ఏరుకునేవాళ్లు ఒకే నవలని రెండు పేర్లతో కొనేస్తుంటారు. ‘4.50 ఫ్రమ్ పాడింగ్టన్’ అమెరికాలో ‘వాట్ మిసెస్ మెక్‌గిల్లికడ్డీ సా’గా వచ్చింది. బేరమాడేముందు కాపీరైట్ పేజీ చూడండి. రెండో పేరు చాలాసార్లు అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది.