నల్ల లక్ష్మి ఫోటో గురించి

చిన్నీ, బుజ్జీ,

మొన్న మీరు పంపిన నల్ల లక్ష్మీదేవి ఫోటో చూశాను. "ఇది తప్పా తాతా?" అని అడిగారు. తప్పొప్పుల సంగతి తర్వాత, ముందు సరిగ్గా చూద్దాం, ఎందుకంటే ఇలాంటివి వస్తే సగంమంది చూడకుండానే తిడతారు, మిగతా సగంమంది చూడకుండానే లైక్ కొడతారు.

అది 2017లో చెన్నైలో భరద్వాజ్ సుందర్, నరేష్ నిల్ అనే ఇద్దరు చేసిన ఫోటోల వరుసలోది. చీర, నగలు, నిలబడిన తీరు అన్నీ మనకు అలవాటైనవే, అందుకే పేరు చెప్పకపోయినా లక్ష్మి అని మీరు గుర్తుపట్టారు. మారింది ఒంటిరంగు ఒక్కటే. వేషం కట్టించి తీసిన ఫోటో ఏది చూసినా నేను మొదట వెతికేది ఇదే, ఏది అలాగే ఉంచారు, ఏది మార్చారు అని. తీసినవాళ్లు చెప్పదలచుకున్నది ఆ మార్చిన చోటే దొరుకుతుంది. ఇక్కడ వాళ్లు అడిగింది, దేవతలంతా తెల్లగానే ఎందుకుండాలి అని. తిరుమల కొండమీద నల్లరాతి స్వామికి దణ్ణం పెట్టే ఊరివాళ్లం, మనకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించడమే నాకు వింత! (ఫోటోలో లైటింగ్ మాత్రం మరీ యాడ్‌లా ఉంది, అది నాకు నచ్చలేదు.)

అసలు మన పూజగదిలో తెల్లని లక్ష్మి ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి దేవుళ్ల బొమ్మలు అచ్చువేయించాడు, అవి ఇంటింటికీ చేరాక ఆ పోలికే మన కళ్లలో నిలిచిపోయింది. ఆయన కూడా మనుషుల్ని ఎదురుగా పెట్టుకునే గీసేవాడు. బెంగళూరు కళాకారిణి పుష్పమాల, క్లేర్ ఆర్ని అనే ఫోటోగ్రాఫర్‌తో కలిసి 2000-2004 మధ్య చేసిన ఫోటోల్లో, అదే రవివర్మ ప్రెస్ లక్ష్మిగా తనే నిలబడింది. బొమ్మలో అయితే తామరపువ్వు మీద ఎవరైనా నిలబడతారు, నాలుగు చేతులూ మొలుస్తాయి. ఫోటోలో ఒక మనిషి బరువుగా నిలబడాలి, మిగతా రెండు చేతులు ఎక్కడివా అని మనకు అనుమానం రావాలి. ఆ అనుమానం పుట్టించడానికే ఆవిడ అంత శ్రమపడిందని నాకనిపిస్తుంది.

ఇదే వేషం అక్షయ తృతీయకు బంగారం కొట్టు ఫ్లెక్సీలో వేస్తే ఎవరికీ కోపం రాదు, గమనించారా?

మన తిరుపతి గంగజాతర చూడండి. బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం, మొక్కుకున్న మగవాళ్లు చీరలు కట్టుకుని తిరగడం, ఇదంతా మనకు చిన్నప్పటినుంచీ అలవాటే. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మా వీధిలో కూరగాయలమ్మే ఆయన చీర కట్టి, జడ వేసుకుని, నగలు పెట్టుకుని గుమ్మం ముందు నిలబడితే మా అమ్మ చేతులు జోడించి దణ్ణం పెట్టింది. మర్నాడు పొద్దున్నే అదే మనిషితో వంకాయల దగ్గర గట్టిగా బేరమాడింది.

జాతరకు వస్తారు కదా, ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టుకుని రండి.

మీ తాత,
తిరుపతి