పేరుకే మెరీనా: అల్విసో పార్కులో పడవలు ఏమయ్యాయి?

కాలిఫోర్నియాలో సన్నీవేల్, మిల్పిటాస్ వైపు ఉండే మనవాళ్లకి అల్విసో మెరీనా కౌంటీ పార్క్ వీకెండ్ నడకకి దగ్గరి చోటు. మొదటిసారి వెళ్లినవాళ్లు మాత్రం కారు దిగగానే ఒకటే అడుగుతారు, మెరీనా అన్నారు, పడవలేవి? పడవలు కట్టేసి ఉండాల్సిన చోట జమ్ము ఏపుగా పెరిగి ఉంటుంది.

ఒకప్పుడు ఇది నిజంగానే రేవు. శాన్ హోసే ఊరు శాన్ ఫ్రాన్సిస్కో బే (సముద్రపు అఖాతం) ఒడ్డున లేదు కాబట్టి అక్కడి సరుకు, న్యూ ఆల్మడెన్ గనుల పాదరసంతో సహా, ఇక్కడికొచ్చి పడవలెక్కి శాన్ ఫ్రాన్సిస్కో చేరేది. 1853లో ఇక్కడినుంచి బయల్దేరిన జెన్నీ లిండ్ అనే స్టీమర్ బాయిలర్ దారిలో పేలి 30 మందికి పైగా చనిపోయారు. అయినా రేవుని దెబ్బకొట్టింది ఆ ప్రమాదం కాదు, రైలు. 1864లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసేకి వేసిన లైను అల్విసోని పక్కన పెట్టేసి పోయింది. తర్వాత థామస్ ఫూన్ చ్యూ నడిపిన బేసైడ్ కానరీ (ఆహారాన్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ) ఊరికి కొన్నాళ్లు పని ఇచ్చింది, 1930లలో అదీ మూతపడింది.

అసలు కథ నేల కింద జరిగింది. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్నదంతా అప్పట్లో ప్రూన్, ఆప్రికాట్ తోటలు, వాటికి నీళ్లు బోర్లవే. మన దగ్గర ఎక్కువ తోడితే బోరు ఎండిపోతుంది, అక్కడైతే బంకమట్టి పొరలు నొక్కుకుపోయి ఏకంగా నేలే దిగిపోయింది, 1960ల చివరికి శాన్ హోసేలో కొన్నిచోట్ల దాదాపు 13 అడుగులు. బయటినుంచి నీళ్లు తెచ్చి భూమిలోకి ఇంకించాక కుంగడం ఆగింది గానీ దిగిన నేల మళ్లీ పైకి రాదు కదా. అల్విసో సముద్రమట్టం కంటే కిందకి పోయి కరకట్టల వెనక బతుకుతోంది, 1983 వరదల్లో ఊరు మునిగింది కూడా.

మరి మెరీనా? చుట్టూ ఉన్న తడినేలని ఉప్పు మడులుగా మార్చి గట్లు వేశారు. ఆటుపోట్ల నీళ్లు పరుచుకోవడానికి చోటు లేకపోతే కాలువలో ప్రవాహం తగ్గుతుంది, తెచ్చిన ఒండ్రు అక్కడే కూర్చుంటుంది, దానిమీద జమ్ము మొలుస్తుంది. మెరీనా అలాగే పూడిపోయింది. పూడిక తీస్తే సరిపోదా అంటే, తీసిన ప్రతిసారీ మళ్లీ పూడుతుంది, పైగా ఇప్పుడది పక్షులుండే తడినేల, పర్మిషన్ల గొడవ. చివరికి 2010లో పాత మెరీనాని వదిలేసి నేరుగా కాలువలోకే బోట్ ర్యాంప్ కట్టారు, నా లెక్కలో తెలివైన పని అదే.

2003లో ప్రభుత్వం దక్షిణ బేలో సుమారు 15,000 ఎకరాల ఉప్పు మడులు కొని, కొన్నిటి గట్లు తెగ్గొట్టి మళ్లీ ఆటుపోట్లకి వదులుతోంది. అలా పక్షులకి చోటు దొరికింది, అందుకే చలికాలంలో వెళ్లండి, తెల్ల గూడబాతులు, రకరకాల బాతులు బోలెడు. గట్టు మీద సైకిల్ తొక్కొచ్చు, బోర్డ్‌వాక్ (చెక్క బాట) మీద పిల్లల్ని నడిపించొచ్చు. కయాక్ తెచ్చుకుంటే పోటు టైం చూసుకుని దిగండి, ఆటు వేళకి బురదలో ఇరుక్కుంటారు. చెట్టు నీడ దాదాపు ఉండదు, మధ్యాహ్నం గాలి టోపీ ఎగరేస్తుంది. చేపలు పడితే మాత్రం ఇంటికి తెచ్చి వండకండి, గనుల నాటి పాదరసం ఆ నీళ్లలో ఇంకా ఉంది.