20ని ఏ తరగతిల వెయ్యాలె? పౌనఃపున్య పట్టిక మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండల టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పవట్టి పదిహేనేండ్లాయె, పౌనఃపున్య విభాజన పట్టిక (ఏ గుంపుల ఎన్ని మార్కులు పడ్డయో చూపే పట్టిక) కాడికొస్తే ఏ బ్యాచైనా ఒక్క దగ్గర్నే తప్పు చేస్తది. మొన్న ఒక పాప మూడుసార్లు రబ్బరుతోని తుడిచి కాగితం చినిగేదాక తెచ్చుకుంది, కండ్లల్ల నీళ్లు. "సార్, ఉన్నయే 20 మార్కులు, నాకు 26 ఎట్లొస్తున్నయి, నాకు లెక్కపెట్టుడే రాదా" అన్నది.

ఆ మార్కులివి: 12, 20, 35, 27, 30, 18, 41, 20, 25, 33, 30, 9, 22, 38, 40, 15, 28, 30, 46, 24. తరగతులు, అంటే మార్కుల గుంపులు, 0-10, 10-20 అట్ల 40-50 దాక.

లెక్కపెట్టుడు మంచిగనే వచ్చు తల్లీ, నువ్వు 20ని 10-20ల ఒకసారి, 20-30ల ఇంకోసారి వేసినవ్, 30ని, 40ని గూడ అట్లనే. 20లు రెండు, 30లు మూడు, 40 ఒకటి, మొత్తం ఆరు. నీకు ఎక్కువొచ్చినయి గూడ ఆరే.

పక్కనున్న పిల్లగాడు వెంటనే అందుకున్నడు, "ఎటు వేసినా నడుస్తదంట సార్, మొత్తం 20 వస్తే చాలంట." ఈ 'అంట' ఎవరు పుట్టిచ్చిన్రో గానీ పిల్లల మార్కులు ఎక్కువ తింటున్నది ఇదే. 0-10, 10-20 అని ఇస్తే ఎగువ అవధి, అంటే తరగతిల పై అంకె, ఆ తరగతిది కాదు, తర్వాత తరగతిది. 20 పోవాల్సింది 20-30లకే. అట్ల వేస్తే 1, 3, 7, 6, 3 వస్తయి. కింది తరగతిల వేస్తే 1, 5, 8, 4, 2. రెండూ కూడితే 20 యే, అందుకే తప్పు దొరకదు! ఇగ బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) సూత్రంతోని చేసి చూడున్రి, మొదటి పట్టికకు 28, రెండోదానికి సుమారు 24.3. సూత్రం కరెక్టే, కూడికలు కరెక్టే, జవాబు మాత్రం తప్పు. రాత్రంత సూత్రం బట్టీ పట్టిన పిల్ల ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటే నా పానం ఉసూరుమంటది. ఎవరికన్న సరిగ్గ 50 వస్తే గూడ అంతే, 50-60 అని ఇంకో తరగతి పెట్టాలె.

గణన చిహ్నాలు, అంటే లెక్కకు గీసే గీతలు, చిన్నపిల్లల పని, డైరెక్టుగ అంకె వేస్తే టైం మిగుల్తదని ఇంకో మాట. మా నాయిన మిర్యాలగూడల రైస్ మిల్లు హమాలీ. బస్తా లారీ ఎక్కుతుంటే గోడ మీద బొగ్గుతోని ఒక గీత, నాలుగైనంక ఐదోది అడ్డంగ. బస్తా ముందటికెల్లి పోయినప్పుడే గీత పడాలె, మళ్ల ఎన్కకు పోయి ఎతుకుడు ఉండది. మనోళ్లేమో 0-10ల ఎన్నున్నయని లిస్టంత ఎతికి, 10-20కి మళ్ల మొదటికెల్లి ఎతుకుతరు, నడుమ ఒకటి జారిపోతది. వరుసగ ఒక్కో నంబర్ తీస్కోని, దాని తరగతిల గీత గీసి, నంబర్ మీద టిక్ కొట్టి ముందుకు పోవాలె. ఆ పాప అట్లనే 12 కాడ మొదలువెట్టి 24 దాక వచ్చింది, ఒక్కసారికే 20 తేలినయి.

మిగతాయి తొందరగ చెప్త. తరగతులు ఐదే ఉండాలని రూలేం లేదు. ఒక తరగతిల ఎవ్వరూ లేకుంటే ఆ వరుస ఎగరగొట్టొద్దు, 0 రాయాలె. 1-10, 11-20 అని ఇస్తే తరగతి పొడవు 9 కాదు, 10, ఎందుకంటే 10కి 11కి నడుమ సగం కాడ హద్దు పడ్తది, అట్ల హద్దులు 0.5 నుంచి 10.5 దాక. అసొంటి పట్టికల 10 అయితే 1-10లనే పడ్తది, కాబట్టి తరగతులు ఎట్ల ఇచ్చిన్రో ముందుగాల చూసినంకనే గీతలు మొదలువెట్టున్రి.