గుడ్డు మీద 80 ఏళ్ళ తగువు

ఎకిడ్నా అని ఆస్ట్రేలియా, న్యూగినీల్లో ఉండే ముళ్ళ జంతువు. దాని ఫొటో చూపిస్తే మనవాళ్ళు ముళ్ళపంది అనేస్తారు. చీమలు తింటుందంటే అలుగు గుర్తొస్తుంది. ఆ రెంటికీ దీనికీ చుట్టరికం లేదు. ఉన్న దగ్గరి బంధువు, బాతు ముక్కులాంటి మూతి ఉండే ప్లాటిపస్ ఒక్కటే. ఇప్పుడున్న క్షీరదాల్లో గుడ్లు పెట్టేవి ఈ రెండు రకాలే. ఈ చిన్న సంగతి ఒప్పుకోవడానికి యూరప్ పండితులు చాలా మొరాయించారు.

1792లో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త జార్జ్ షా ఎకిడ్నా గురించి మొదట రాసినప్పుడు, దాన్ని తీసుకెళ్ళి దక్షిణ అమెరికాలో చీమలు తినే జంతువుల పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత కోసి చూస్తే మలానికీ, మూత్రానికీ, సంతానానికీ ఒకటే ద్వారం, అచ్చం పక్షులకున్నట్టు. ఇది గుడ్లు పెడుతుందని ఫ్రాన్సులో జంతుశాస్త్రవేత్త జెఫ్రాయ్ సెంటిలేర్ వాదించాడు. కాదు, గుడ్డు కడుపులోనే పగిలి పిల్ల పుడుతుందని లండన్‌లో శరీరశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ పట్టుబట్టాడు. తమాషా ఏంటంటే, చూపించడానికి ఇద్దరి దగ్గరా గుడ్డు లేదు. ప్లాటిపస్ గుడ్లు పెడుతుందని ఆస్ట్రేలియా ఆదివాసులు చెబుతూనే ఉన్నా, ఆ మాటను సాక్ష్యం కింద ఎవరు లెక్కేశారు?

1884 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జంతుశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హాకే ఒక ఆడ ఎకిడ్నా పొట్ట మీది సంచిలో వేళ్ళు పెట్టి తడిమాడు. గుడ్డు తగిలింది! ఆ కంగారులో గట్టిగా నొక్కేశాడు. మెత్తటి పెంకు చిట్లి, కుళ్ళిన సొన కారింది. సెప్టెంబరు 2న ఆ పెంకునే అక్కడి శాస్త్రవేత్తల సభలో చూపించాడు. అవే రోజుల్లో ఆస్ట్రేలియాలోనే క్వీన్స్‌లాండ్ నుంచి బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం కాల్డ్‌వెల్ పంపిన నాలుగు మాటల టెలిగ్రాం కెనడాలోని మాంట్రియల్‌లో జరుగుతున్న బ్రిటిష్ శాస్త్రవేత్తల సభకు చేరింది: ఈ రెండు రకాలూ గుడ్లు పెడతాయని. ఆ రుజువు కోసం ఆయన ఆదివాసుల చేత వందల జంతువుల్ని పట్టించి చంపించాడు.

ఎకిడ్నా పెట్టే గుడ్డు ఒక్కటే, అది సంచిలోనే సుమారు పది రోజులకు పిల్లవుతుంది. తల్లికి చనుమొనలుండవు. చర్మం మీద ఊరే పాలను పిల్ల నాకుతుంది.

ఇండోనేషియా పాపువాలోని సైక్లోప్స్ కొండల్లో ఉండే మరో రకం ఎకిడ్నాదీ ఇలాంటి కథే. 1961లో దొరికిన ఒక్క నమూనా తప్ప శాస్త్రవేత్తల దగ్గర చాలాకాలం ఇంకో జంతువు లేదు. 2023లో కెమెరాకు చిక్కింది, అదీ దాన్ని వెతుకుతూ వెళ్ళిన శాస్త్రవేత్తల యాత్ర చివరి రోజున, చివరి మెమరీ కార్డులో. అక్కడి యోంగ్సు సపారి ఊళ్ళో మాత్రం దాని సంగతి తరతరాలుగా తెలుసు. ఇద్దరు తగువు పడితే ఒకర్ని ఎకిడ్నా కోసం అడవికీ, మరొకర్ని మార్లిన్ చేప కోసం సముద్రానికీ పంపేవారట. రెండూ దొరికాకే రాజీ.